ఏటీఆర్ ఎందుకలా ఊగుతుంది, ఎందుకలా మోగుతుంది?

శంషాబాద్ నుంచి కడపకో, రాజమండ్రికో తొలిసారి విమానం టికెట్ కొనుక్కున్నవాళ్లు చాలామంది బస్సు దిగి విమానం ముందు నిలబడ్డాకే అసలు సంగతి గమనిస్తారు. ఎదురుగా ఉన్నది పెద్ద జెట్ కాదు, ఏటీఆర్ అనే పంకాల విమానం. రెక్కలు నడినెత్తిన పెట్టినట్టు పైన ఉంటాయి. ఒక్కో రెక్కకు మనిషి రెండు నిలువులంత వెడల్పున్న పంకా వేలాడుతుంటుంది. ఎక్కే తలుపు తోక దగ్గర ఉంటుంది. ‘ఇదేంటి, పాత విమానం పెట్టారు?’ అని వరుసలో ఎవరో ఒకరు అనకుండా ఉండరు.

పాతది కాదు. ఏటీఆర్ 72 తొలిసారి గాలిలోకి లేచింది 1988లో. అందరూ కొత్త తరహా అనుకునే ఎయిర్‌బస్ ఏ320 లేచింది 1987లో. రెండూ ఒక ఈడువే. ఇప్పుడు మన దగ్గర తిరుగుతున్న 72-600 రకం 2011లో సర్వీసులోకి వచ్చింది. వీటిని ఎయిర్‌బస్, ఇటలీకి చెందిన లియొనార్డో కలిసి నడిపే సంస్థ ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో తయారుచేస్తుంది. పంకా కనిపించగానే పాతకాలం గుర్తుకు రావడం సహజమే కానీ, దాన్ని తిప్పేది మాత్రం జెట్ విమానంలో ఉండేలాంటి టర్బైనే. అందుకే దీన్ని టర్బోప్రాప్ అంటారు. జెట్ ఇంజను కొద్దిపాటి గాలిని మహా వేగంగా వెనక్కి విసురుతుంది. పంకా ఎక్కువ గాలిని నెమ్మదిగా వెనక్కి నెడుతుంది. వేగం మరీ అవసరం లేని చోట రెండో పద్ధతిలోనే ఇంధనం ఆదా అవుతుంది. ఇంచుమించు అన్నే సీట్లున్న చిన్న జెట్‌తో పోలిస్తే 45 శాతం దాకా తక్కువ ఇంధనంతో సరిపెడుతుందని తయారీ సంస్థ చెప్పుకుంటుంది.

మరి వేగం తక్కువైతే ప్రయాణికుడికి నష్టం కాదా? లెక్క వేసి చూడొచ్చు. శంషాబాద్ నుంచి రేణిగుంటకు గాలిదారి 420 కిలోమీటర్ల లోపే. ఏటీఆర్ గంటకు 510 కిలోమీటర్ల దాకా వెళ్తుంది, జెట్ 830 దాకా. అయితే ఏ విమానమైనా పైకెక్కడానికి, కిందికి దిగడానికి పోయే దూరం పోగా పూర్తి వేగంతో సాగేది మూడు వందల కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ ముక్కలో తేడా పదమూడు, పద్నాలుగు నిమిషాలు. సెక్యూరిటీ వరుసలో పోయే సమయం అంతకంటే ఎక్కువ. అదే ఢిల్లీ దాకా అయితే తేడా గంటకు దగ్గరగా ఉంటుంది, అందుకే ఆ దారిలో ఈ విమానాలు కనిపించవు. అయిదారు వందల కిలోమీటర్ల లోపు దూరం, డెబ్బై మందికి మించి రోజూ దొరకని ఊరు, ఈ రెండూ కలిసినచోట ఏటీఆర్‌కు సాటి లేదు.

మన దేశంలో పన్నులు, రుసుములు కూడా దీనికి అనుకూలంగానే ఉన్నాయి. 80 సీట్ల లోపు దేశీయ విమానాలకు ల్యాండింగ్ రుసుము మినహాయింపు ఉంది. 40 టన్నుల లోపు బరువుండే విమానాలు నడిపే షెడ్యూల్డ్ సంస్థలకు ఇంధనం మీద అమ్మకపు పన్ను నాలుగు శాతం దగ్గరే ఆగుతుంది. పెద్ద విమానాలకు చాలా రాష్ట్రాల్లో అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. ఇండిగో ఏటీఆర్‌లో సరిగ్గా 78 సీట్లుంటాయి. ఆ అంకె 80కి ఇవతల ఆగడం ఆ సంస్థకు లాభమే. విమానం పూర్తి బరువు 23 టన్నులు.

రన్‌వే సంగతీ ఉంది. సముద్రమట్టం దగ్గర, మామూలు వాతావరణంలో నిండా బరువుతో లేవడానికి ఏటీఆర్ 72-600కు 1,300 మీటర్ల పైచిలుకు సరిపోతుంది. పుదుచ్చేరి రన్‌వే 1,500 మీటర్లే. కడప, కర్నూలు రన్‌వేలు చెరో రెండు కిలోమీటర్లు. రాజమండ్రిలో సుమారు 1,750 మీటర్లున్న రన్‌వేను 3,165 మీటర్లకు పెంచాకనే 2024 డిసెంబరులో అక్కడి నుంచి ముంబయి, ఢిల్లీలకు నేరుగా ఎయిర్‌బస్‌లు మొదలయ్యాయి. అప్పటిదాకా ఆ ఊరికి విమానమంటే పంకాల విమానమే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ విమానాల చరిత్ర చిన్నదేమీ కాదు. 1981లో పుట్టి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన వాయుదూత్ చిన్న పట్టణాలను విమానంతో కలపాలని చూసింది. స్పైస్‌జెట్ 2011లో క్యూ400 అనే తన టర్బోప్రాప్‌లను హైదరాబాద్ కేంద్రంగానే మొదలుపెట్టింది. 2015 జులైలో ఇక్కడే పుట్టిన ట్రూజెట్ తిరుపతి, రాజమండ్రి దారుల్లో తిరిగింది. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే ప్రభుత్వ పథకం ఉడాన్ కింద దేశంలో మొదట లేచిన విమానాల్లో కడప–హైదరాబాద్ ఒకటి, అదీ ట్రూజెట్‌దే. 2022 ఫిబ్రవరికి ఆ సంస్థ ఆగిపోయింది. ఇండిగో 2017 డిసెంబరులో తన ఏటీఆర్‌లను హైదరాబాద్ నుంచే రంగంలోకి దించింది. సొంత విమానయాన సంస్థను నిలబెట్టుకోలేకపోయినా, టర్బోప్రాప్‌ల మీద నడిచే దారులకు హైదరాబాద్ మాత్రం కూడలిగా మిగిలింది.

మెట్ల దగ్గర మొదలయ్యే తేడాలు

టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిపించే ఏరోబ్రిడ్జి ఏటీఆర్‌కు దొరకడం అరుదు. బస్సులోనో, నడిచో విమానం దాకా వెళ్లాలి. తలుపునే కిందికి వంచితే అదే మెట్లు అవుతుంది, ఐదారు మెట్లే కానీ కాస్త నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే చక్రాల కుర్చీ సాయం కనీసం 48 గంటల ముందు అడిగి పెట్టుకోవడం మేలు. అప్పటికప్పుడు అడిగితే చిన్న విమానాశ్రయంలో ఏర్పాటు దొరకకపోవచ్చు.

ఎక్కేటప్పుడు తోక కింద చూస్తే ఒక లోహపు కర్ర ఆనించి ఉండటం కనిపిస్తుంది. జనమంతా వెనక నుంచే ఎక్కుతారు, అందులో కొందరు మెట్ల దగ్గరే గుమిగూడితే బరువంతా వెనక్కి పోయి ముక్కు పైకి లేచే ప్రమాదం ఉంది. ఆ కర్ర దానికి ఊతం. బయలుదేరే ముందు సిబ్బంది దాన్ని తీసేస్తారు. లోపల వరుసల అంకెలు ముందు నుంచి మొదలవుతాయి కాబట్టి ఒకటో వరుసవాళ్లు విమానమంతా నడిచి వెళ్లాలి, దిగేటప్పుడు అందరికంటే చివర దిగాలి. త్వరగా బయటపడాల్సినవాళ్లకు వెనక వరుసలే మంచివి. పంకాలకు దూరంగా ఉంటాయి కాబట్టి శబ్దం కూడా అక్కడే తక్కువ. ముందు వైపు, పంకా తిరిగే చోటికి ఎదురుగా ఉండే వరుసల్లో మోత, అదురు రెండూ ఎక్కువ. అత్యవసర ద్వారాలు కూడా రెక్కల దగ్గర కాకుండా క్యాబిన్ ముందు భాగంలో ఉంటాయి. సిబ్బంది చూపించేటప్పుడు తల తిప్పి ఒకసారి చూసుకోవాలి. జెట్‌కు అలవాటు పడ్డవాళ్లు చేయి అటు చూపమంటే ఇటు చూపిస్తారు.

సీట్లు అటు రెండు, ఇటు రెండు. మధ్య సీటు అనేదే లేదు, అది పెద్ద సుఖం. మరుగుదొడ్డి ఒక్కటే.

ఎండాకాలం మధ్యాహ్నం ఎక్కితే మాత్రం పది నిమిషాలు చెమట తప్పదు. పెద్ద విమానాల తోకలో ఒక చిన్న ఇంజను ఉంటుంది, నేల మీద ఏసీ నడిచేది దాంతోనే. బరువు తగ్గించడం కోసం ఏటీఆర్‌లో అది పెట్టలేదు. దాని బదులు కుడి ఇంజనును నడుపుతూనే దాని పంకాను బ్రేకుతో కదలకుండా ఆపే ఏర్పాటు చేశారు. ఇంజను గుయ్యిమంటున్నా పంకా కదలకపోవడం చూసి కొందరు కంగారు పడతారు. కంగారు పడాల్సింది లేదు, అది ఆ సమయంలో కరెంటు, గాలి ఇచ్చే పని మీద ఉంది. ప్రయాణికులు ఎడమ వైపు నుంచి ఎక్కుతారు, నడిచే ఇంజను కుడి వైపుది. అయినా ఆ చల్లదనం మే నెల ఎండకు చాలదు. పసిపిల్లలుంటే తడిగుడ్డ, విసనకర్రలాంటిది ఏదైనా చేతిలో ఉండాలి. గాలిలోకి లేచాక చల్లబడుతుంది.

సంచులు, బరువులు

తలపైన అరలు చిన్నవి. ఎయిర్‌బస్‌లో సులువుగా పట్టే చక్రాల పెట్టె ఇక్కడ చాలాసార్లు పట్టదు. మెట్ల దగ్గరే సిబ్బంది తీసుకుని చీటీ కట్టి సామాన్ల గదిలో వేస్తారు. ఇందులో దురుసుతనమేమీ లేదు, అరకు లోతు లేదు. కాకపోతే అప్పటికప్పుడు పెట్టె ఇవ్వాల్సి వచ్చినప్పుడు మందులు, నగలు, పత్రాలు, ల్యాప్‌టాప్, ఫోను పవర్ బ్యాంకు అందులోనే ఉండిపోతాయి. పవర్ బ్యాంకు సామాన్ల గదిలోకి వెళ్లకూడదు కూడా. వీటిని ముందే ఒక చేతిసంచిలో విడిగా పెట్టుకుంటే మెట్ల దగ్గర పెట్టె విప్పే అవస్థ ఉండదు.

జనం తక్కువగా ఉన్న రోజున సిబ్బంది ‘మీరు కాస్త వెనక్కి కూర్చోండి’ అని అడగడం, ఖాళీగా ఉన్న సీటులోకి మారతామంటే వద్దనడం ఇక్కడ మామూలే. సామాన్ల గదుల్లో ఒకటి పైలట్లకూ ప్రయాణికులకూ మధ్య, ముందు భాగంలో ఉంటుంది. ముందు సామాన్లు నిండి వెనక మనుషులు లేకపోతే తూకం ముందుకు మొగ్గుతుంది. 23 టన్నుల విమానంలో పదిమంది అటునుంచి ఇటు మారితే ఆ తేడా లెక్కలోకి వస్తుంది, తూకం కాగితం మీద పైలట్ సంతకం చేసేది ఆ సీట్ల లెక్క చూసే. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్తే ప్రయాణికులు విసుక్కోరు. చెప్పకుండా ఆజ్ఞాపించినట్టు మాట్లాడటం వల్లే చాలా గొడవలు వస్తున్నాయి.

బరువుది ఇంకో ముఖం కూడా ఉంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచటి గాలిలో రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజనుకు బలం తగ్గుతుంది. రన్‌వే పొట్టిది, ఎండ 42 డిగ్రీలు అయితే నిండా జనం, నిండా సామాన్లతో లేవడం కుదరని సందర్భాలు వస్తాయి. అప్పుడు కొన్ని పెట్టెలు దింపి తర్వాతి విమానంలో పంపుతారు. పెట్టె రాలేదని తెలిస్తే విమానాశ్రయం దాటకముందే కౌంటర్లో ఫిర్యాదు రాయించుకుని దాని కాగితం తీసుకోవాలి. ఇంటికెళ్లి ఫోను చేస్తే పని జాగవుతుంది.

గాలిలో

లేవడం జెట్ కంటే చురుగ్గా ఉంటుంది, కొద్ది దూరంలోనే నేల వదిలేస్తుంది. భయపెట్టే ఘట్టం ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాల్లో వస్తుంది. అప్పటిదాకా గట్టిగా అరుస్తున్న పంకాల శబ్దం హఠాత్తుగా తగ్గి బొంగురు పోతుంది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఇంజను ఆగిపోతోందేమోనని రెక్క వైపు చూస్తారు. జరిగేది ఇదీ: లేచేటప్పుడు పంకా నూటికి నూరు శాతం వేగంతో తిరుగుతుంది, ఎత్తు ఎక్కడం కుదురుకున్నాక 82 శాతానికి తగ్గిస్తారు. బండిని మూడో గేరు నుంచి నాలుగో గేరుకు మార్చినప్పుడు శబ్దం దిగినట్టే ఇది. దిగేటప్పుడు దీనికి తిరగబడి ఉంటుంది. చక్రాలు నేల తాకగానే పంకా రెక్కల కోణం మారి గాలిని ముందుకు తోస్తుంది, గర్రుమనే శబ్దంతో ఒళ్లు ముందుకు తూలుతుంది. పొట్టి రన్‌వేల మీద ఆగగలిగేది దానివల్లనే.

ఇక కుదుపులు. జెట్ ముప్పై అయిదు వేల అడుగుల మీద, చాలా మబ్బులకు పైన పోతుంది. ఏటీఆర్ 25 వేల అడుగులు దాటదు, మన దారుల్లో సాధారణంగా ఇరవై వేలకు లోపే ఉంటుంది. అంటే మబ్బులున్న పొరలోనే ప్రయాణం. పైగా రెక్క వైశాల్యంతో పోలిస్తే విమానం తేలిక. ఏటీఆర్ 72 రెక్క ఒక్కో చదరపు మీటరు మీద నిండు బరువులో 380 కిలోల లోపు పడుతుంది, ఏ320లో 600 కిలోలు దాటుతుంది. ఒకే గాలి తాకినా తేలికైనది ఎక్కువ ఊగుతుంది. గోదావరిలో ఒకే అలకు నాటుపడవ ఎగిరిపడుతుంది, పెద్ద లాంచీ కొంచెం కదిలి ఊరుకుంటుంది. పడవ ఊగినంత మాత్రాన మునగదని రేవు దగ్గర పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు, కడుపులో తిప్పడం మాత్రం నిజం.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రాయలసీమ రాతినేల కాగి పైకి పొంగే వేడిగాలి దీనికి తోడవుతుంది. వాంతులయ్యే తత్వం ఉన్నవాళ్లు, తొలిసారి ఎక్కే పెద్దవాళ్లు ఉంటే పొద్దుటి విమానమే చూసుకోవాలి. నేల వేడెక్కకముందు అదే దారి అద్దంలా ఉంటుంది. సీటు బెల్టు దీపం ఆరినా బెల్టు విప్పకపోవడం ఉత్తమం.

ఇదే తక్కువ ఎత్తు ఇంకొకటి కూడా ఇస్తుంది. రెక్క నెత్తిన ఉంటుంది కాబట్టి కిందికి చూపుకు అడ్డం తక్కువ. తిరుపతి దారిలో నల్లమల అడవి కొండవరుసలు, వాటి మధ్య కృష్ణ చీలిక, ఆ తర్వాత చేల గట్లు విడివిడిగా కనిపిస్తాయి. రాజమండ్రిలో దిగే దిశ కలిసొస్తే గోదావరి, దాని మీద వంతెనలు వరుసగా కనపడతాయి. దిగే ముందు మధ్య వరుసల కిటికీల్లోంచి చక్రం బయటికి రావడం కూడా చూడొచ్చు. పిల్లలకు ఇంతకు మించిన సీటు లేదు.

భద్రత గురించి దాచకుండా

ఏటీఆర్‌కు ఘోర ప్రమాదాలు లేవని చెప్పడం అబద్ధమవుతుంది. 1994 అక్టోబర్ 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్ 72 కూలి 68 మంది చనిపోయారు. మంచు పేరుకుని రెక్క అదుపు తప్పింది. రెక్క ముందంచున నల్లటి రబ్బరు పట్టీ ఉంటుంది, గాలి నింపితే అది ఉబ్బి మంచును పగలగొట్టి రాలుస్తుంది. రోజ్‌లాన్‌లో మంచు ఆ పట్టీకి వెనక పేరుకుంది. తర్వాత పట్టీల వెడల్పు పెంచారు, అలాంటి వాతావరణంలో ఏం చేయాలో పైలట్లకు నియమాలు మార్చారు. మనది వేడి దేశమే అయినా పదహారు, పదిహేడు వేల అడుగుల దగ్గర మబ్బుల్లో నీరు గడ్డకట్టే చలి ఉంటుంది, కాబట్టి ఈ పట్టీల పని ఇక్కడా ఉంది. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో 72 మంది చనిపోయిన ప్రమాదంలో లోపం యంత్రానిది కాదు. ఒక మీట బదులు పక్కనున్న మీటలు వెనక్కి లాగడంతో రెండు పంకాలూ తోపు కోల్పోయాయి. కొండల నడుమ కొత్త విమానాశ్రయంలో, దిగేముందు ఆఖరి నిమిషంలో జరిగింది.

రెండు ఘటనలూ చెప్పేది ఒక్కటే: ఈ విమానంలో వాతావరణాన్ని గౌరవించే క్రమశిక్షణకూ, పైలట్ శిక్షణకూ విలువ ఎక్కువ. పంకా ఉండటం ప్రమాదం కాదు. ఒక ఇంజను ఆగినా రెండోదానితో ఎగిరి దిగగలిగేలా నిరూపించుకున్నాకే దీనికి అనుమతి వచ్చింది. మేఘం బాగోలేదని పైలట్ వెనక్కి తిప్పి శంషాబాద్‌లోనే దింపితే ప్రయాణికుడు కోప్పడాల్సిన పని లేదు. ఆయన తన పని తాను చేశాడు.

అసలు బలహీనత ఎక్కడుంది?

విమానంలో కాదు, టైంటేబుల్‌లో. ఒక ఏటీఆర్ మామూలుగా రోజుకు ఆరేడుసార్లు ఎగిరి దిగుతుంది. ప్రతి ఊళ్లో నేల మీద ఉండేది అరగంట లోపే. పొద్దున గన్నవరంలో పొగమంచు వల్ల గంట ఆగితే ఆ గంట సాయంత్రం చివరి ఊరి దాకా మోసుకుపోవాల్సిందే. పెద్ద సంస్థ దగ్గర అదనపు విమానం ఉండొచ్చు. నాలుగైదు విమానాలే ఉన్న సంస్థకు ఒకటి మరమ్మతుకు వెళ్తే ఒక దారి మూసుకుపోయినట్టే. చిన్న విమానాశ్రయాలకు ఇంకో ఇబ్బంది: దిగడానికి దారి చూపే పరికరాలు లేనిచోట పైలట్ కంటితో చూసి దిగాలి, అందుకు కనీసం అయిదు కిలోమీటర్ల దూరం కనపడాలి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో అది దొరకదు. ఎండాకాలం పొద్దుటి విమానం మంచిదైతే, చలికాలంలో పది దాటాక ఉండేదే నమ్మదగ్గది.

ఉడాన్ దారుల్లో దీనికి డబ్బు చిక్కు తోడవుతుంది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలని మొదట్లో చెప్పిన ధర విమానంలో దాదాపు సగం సీట్లకే. మిగతావి గిరాకీని బట్టి మారతాయి. ప్రభుత్వం ఇచ్చే లోటు భర్తీ మూడేళ్లే. ఆ మూడేళ్లలో ఊరి జనానికి విమానం అలవాటు కావాలంటే అది రోజూ, చెప్పిన వేళకు రావాలి. వారానికి మూడు రోజులు, అందులో ఒక రోజు రద్దు అయితే ఎవరూ నమ్మరు, రాత్రి బస్సే ఎక్కుతారు. సీట్లు నిండలేదని మూడేళ్ల తర్వాత దారి ఎత్తేస్తారు. జనం లేకపోవడం వల్ల విమానం పోయిందని లెక్కల్లో పడుతుంది కానీ, నమ్మకం లేకపోవడం వల్ల జనం రాలేదన్నది ఎక్కడా నమోదు కాదు. చిన్న ఊళ్లకు విమానం కావాలని నిజంగా అనుకునేవాళ్లు కొత్త టెర్మినల్ కంటే ముందు అడగాల్సింది దిగడానికి దారి చూపే పరికరాలు, ఒక అదనపు విమానం.

రద్దయినప్పుడు ప్రయాణికుడికి హక్కులున్నాయి. ముందుగా తెలపకుండా రద్దు చేస్తే, విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నియమాల ప్రకారం గంటలోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటల ప్రయాణానికి 7,500 రూపాయలు, లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, వీటిలో ఏది తక్కువైతే అది పరిహారంగా ఇవ్వాలి. వాతావరణం వంటి సంస్థ చేతిలో లేని కారణాలకు పరిహారం రాదు, కానీ టికెట్ డబ్బు వాపసో వేరే విమానమో అడగొచ్చు. ఈ దారుల్లో చాలా ప్రయాణాలు గంటకు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి టికెట్ మీద రాసిన బయలుదేరే, చేరే సమయాలే ఏ మొత్తమో తేలుస్తాయి.

అమెరికా వెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా వేయాలి. రాజమండ్రి నుంచి శంషాబాద్‌కు ఒక టికెట్, అక్కడి నుంచి దుబాయ్ మీదుగా డల్లాస్‌కు వేరే టికెట్ తీసుకుంటే మొదటి విమానం ఆలస్యమైనందుకు రెండో సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. అంతర్జాతీయ టికెట్ మీద చెరో 23 కిలోల రెండు పెట్టెలు తీసుకెళ్లవచ్చు, విడిగా కొన్న దేశీయ టికెట్ మీద మామూలుగా 15 కిలోలే. మిగతా ముప్పై ఒక్క కిలోలకు అదనంగా కట్టాలి, కట్టినా ఎండాకాలం ఏటీఆర్‌లో అవి అదే విమానంలో వస్తాయన్న భరోసా లేదు. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉండేలా కొంటే సామాను, ఆలస్యం రెండూ సంస్థల పూచీలోకి వస్తాయి. అలా దొరక్కపోతే ముందు రోజు విమానానికి రావాలి. పెట్టెలు మాత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఇంట్లో ఇంకొకరితో పంపేస్తే నిశ్చింత.